ర్యాంకు అడగని రక్షణ: విద్యార్థులకు సువార్త చెప్పేవాళ్ళు తేల్చుకోవాల్సిన సంగతులు

మార్చి దగ్గరపడితే మన చర్చిల్లో ఒక ఆదివారం పరీక్షల ప్రార్థనకే పోతుంది. టెన్త్, ఇంటర్ పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని ముందుకొస్తారు. కొందరు పెన్నులు కూడా తెస్తారు. పాస్టరుగారు ఒక్కొక్కరి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తుంటే వెనక వరసల్లో అమ్మలు కళ్ళు తుడుచుకుంటారు. ఫలితాలొచ్చాక మార్కులు బాగా వచ్చినవాళ్ళు మైకు ముందు సాక్ష్యం చెబుతారు. తప్పినవాళ్ళు ఆ ఆదివారం చర్చికే రారు.

ప్రార్థనను తప్పుపట్టడానికేం లేదు. పిల్లలు భయపడినప్పుడు దేవుణ్ణి అడక్క ఎవర్ని అడుగుతారు? చిక్కు వేరేచోట ఉంది. ఏడాది పొడుగునా "రక్షణ క్రియలవల్ల కాదు, కృపవల్ల" అని విన్న పిల్లవాడు ఆ రెండు నెలల్లో దానికి తలకిందులైన పాఠం నేర్చుకుంటాడు. ఉపవాసం ఉన్నాను, ఆదివారం ట్యూషన్ ఎగ్గొట్టి చర్చికొచ్చాను, కాబట్టి దేవుడు నాకు బాకీ. మార్కులొస్తే బాకీ తీరినట్టు, రాకపోతే నా భక్తిలో ఏదో లోపం ఉన్నట్టు.

విద్యార్థుల్లో సువార్త అనగానే ఏం చెప్పాలన్నది వేదాంతం, ఎలా చెప్పాలన్నది పద్ధతి అని రెండుగా విడదీస్తాం. నేను ఒప్పుకోను. మొదటిదే రెండోదాన్ని తేలుస్తుంది. రక్షణ నిజంగా ఉచితమే అయితే దాన్ని భయపెట్టో, ఆశ చూపించో, రిపోర్టులో అంకె కోసమో చెప్పినప్పుడు ఆ మాట అక్కడే అబద్ధమైపోతుంది.

అసలు కృప అంటే ఏం చెబుతున్నట్టు?

ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం 8, 9 వచనాలు హాస్టల్ బైబిల్ స్టడీకి వచ్చే ప్రతివాడికీ కంఠతా వచ్చు: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." క్రియలవల్ల కలిగింది కాదు కాబట్టి ఎవడూ గొప్పలు చెప్పుకోవడానికి లేదంటుంది తర్వాతి వచనం. అక్కడితో ఆపేస్తాం. పదో వచనం అప్పజెప్పమంటే చాలామంది తడుముకుంటారు. మంచి పనులు చేయడానికే క్రీస్తులో మనల్ని సృష్టించాడని అందులో ఉంది. మూడూ కలిపి చదివితే వరస తెలుస్తుంది: మంచి పనులు రక్షణకు వెల కావు, రక్షణ వెనకాల వచ్చేవి.

ఈ వరస అర్థం కావాలంటే పాపం అంటే ఏమిటో ముందు తేలాలి. క్యాంపస్‌లో పాపం అంటే సిగరెట్టు, బీరు, ప్రేమ వ్యవహారం. ఆ మూడూ లేని కుర్రాడు "నాకు రక్షణ ఎందుకన్నా?" అంటాడు, వాడి లెక్కలో అది న్యాయమైన ప్రశ్నే. రోమా పత్రిక 3వ అధ్యాయంలో పౌలు చెప్పేది మాత్రం దురలవాట్ల జాబితా కాదు. మనిషి దేవుడికి పెడమొహం పెట్టి తన బతుకుకు తానే కేంద్రమైపోయాడని, ధర్మశాస్త్రం చేతిలో ఉన్న యూదుడూ అది లేనివాడూ ఇద్దరూ ఒకే గాటన ఉన్నారని అంటాడు. ఆ లెక్కన యూనివర్సిటీ టాపరూ, పదకొండు బ్యాక్‌లాగులున్నవాడూ ఒకే వరసలో నిలబడాలి. టాపర్‌కి ఇది మింగుడుపడదు. ఎల్‌కేజీ నుంచి వాడికి దక్కినవన్నీ వాడు సంపాదించుకున్నవే మరి.

నీతిమంతుడిగా తీర్చబడడం ఒకటి, పరిశుద్ధపరచబడడం ఇంకొకటి. ప్రొటెస్టెంటు బోధలో మొదటిది తీర్పులాంటిది: క్రీస్తు మరణ పునరుత్థానాల ఆధారంగా, నమ్మినవాణ్ణి దేవుడు అంగీకరించడం. అది ఒక్కసారిగా జరుగుతుంది. రెండోది బతుకంతా సాగుతుంది, పడుతూ లేస్తూ. క్యాంపస్‌లో ఈ రెంటినీ కలిపేసి పిల్లల్ని తికమక పెడతాం. దసరా సెలవుల రిట్రీట్‌లో చెయ్యెత్తిన కుర్రాడు సంక్రాంతి నాటికి పాత అలవాట్లలోకి జారిపోతాడు. రక్షణ పోయిందనుకుని వేసవి రిట్రీట్‌లో మళ్ళీ చెయ్యెత్తుతాడు. నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో ఎన్నిసార్లు "రక్షణ పొందాడో" వాడికే లెక్క తెలియదు. నిర్వాహకుల రిపోర్టులో మాత్రం ప్రతిసారీ కొత్త ఆత్మే.

పదహారు వందల ఏళ్ళ వాదన

మనిషి తన ప్రయత్నంతో దేవుడికి ఇష్టుడిగా బతకగలడన్న పెలాగియుస్ అనే సన్యాసితో, ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్ తలపడింది ఐదో శతాబ్దం మొదట్లో. 418లో కార్తేజీ సభ పెలాగియుస్ బోధను తోసిపుచ్చింది. 1517లో జర్మనీ సన్యాసి లూథర్ గొడవ పాపపరిహార పత్రాల అమ్మకంతో మొదలై విశ్వాసం మాత్రమే చాలునన్న వాదం దాకా వెళ్ళింది. 1547లో ట్రెంట్ మహాసభ కేథలిక్కుల జవాబు చెప్పింది. "కేథలిక్కులు క్రియలవల్ల రక్షణ అంటారు" అని మన యూత్ మీటింగుల్లో తేలిగ్గా అనేస్తుంటారు, అది సరికాదు. క్రీస్తు కృప లేకుండా తన పనులతోనే నీతిమంతుణ్ణవుతానన్నవాణ్ణి ట్రెంట్ సభ మొట్టమొదటి శాసనంలోనే ఖండించింది. తేడా వచ్చిందల్లా ఆ కృప మనిషిలో ఎలా పనిచేస్తుంది, మనిషి సహకారానికి అందులో చోటెంత అన్న దగ్గర. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కేథలిక్ సంఘం కలిసి ఒక ఉమ్మడి ప్రకటనమీద సంతకం చేశాయి: మన అర్హతవల్ల కాదు, కృపవల్లే, క్రీస్తు పనిలో విశ్వాసం వల్లే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని. మెథడిస్టులు 2006లో, రిఫార్మ్‌డ్ సంఘాలు 2017లో దానితో కలిశాయి. గుంటూరు కేంద్రంగా ఉన్న మన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి (ఏఈఎల్‌సీ) కూడా ఆ లూథరన్ సమాఖ్యలోదే. అయినా ఈ సంగతి మన పుల్పిట్లమీద వినపడదు.

ప్రొటెస్టెంట్లలో మిగిలిన తగువు వేరు. కృపను అందుకోవడానికి మనిషి చెయ్యి చాచాలా, ఆ చెయ్యి చాచడం కూడా కృపేనా? ఈ ముడి తెలుగువాళ్ళకు కొత్తేం కాదు. శ్రీవైష్ణవంలో వడగలై, తెంగలై అనే రెండు శాఖలవాళ్ళు మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని వాదించుకున్నది దీనికి దగ్గరగా ఉంటుంది. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకోవాలి, పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. మెథడిస్టులకు మూలపురుషుడైన వెస్లీ అనుచరులు కోతిపిల్ల వైపు కొంత మొగ్గుతారు, రిఫార్మ్‌డ్ సంఘాలకు గురువైన కాల్విన్ అనుచరులు పూర్తిగా పిల్లిపిల్లే. హిందూ కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఈ పోలిక చెబితే చర్చ చప్పున అందుకుంటారు. సిలువ, పునరుత్థానం అనే చరిత్ర మీద నిలబడ్డ క్రైస్తవ వాదం వేరన్నది కూడా అప్పుడే చెప్పాలి. ఊరికే "అన్నీ ఒకటే" అనిపించి పంపడం వాళ్ళ మతానికీ మర్యాద కాదు, మన విశ్వాసానికీ కాదు.

హాస్టల్ గదిలో వచ్చే ప్రశ్నలు

మెస్‌లో భోజనాలయ్యాక ఒకళ్ళ గదిలో నేలమీద దుప్పటి పరుచుకుని ఏడెనిమిదిమంది కూర్చుంటారు. గిటారు ఉంటే రెండు పాటలు. తర్వాత సీనియర్ ఒకడు ల్యాబ్ రికార్డు వెనక పేజీలో రెండు కొండలు గీస్తాడు. ఒకవైపు మనిషి, అవతల దేవుడు, మధ్యలో లోయ. మనిషి వైపు నుంచి పొట్టి పొట్టి గీతలు గీసి ఒక్కోదాని మీద దానధర్మాలు, మతం, చదువు అని రాస్తాడు, ఏదీ అవతలి గట్టుకు అందదు. చివరికి లోయ మీద అడ్డంగా సిలువ గీస్తాడు. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. తప్పుబోధేం కాదు. కానీ యేసు ఎవరు, ఏ ఊళ్ళో తిరిగాడు, ఎవరితో కూర్చుని తిన్నాడు, ఆయన్ని ఎందుకు చంపారు అన్నవేవీ ఆ బొమ్మలో లేవు. మనిషి లేని సిద్ధాంతం అది. మార్కు సువార్తలో పదహారే అధ్యాయాలు. వారానికొకటి చదివినా ఒక సెమిస్టరు.

ఆ బొమ్మ అయ్యాక ఫస్టియర్ కుర్రాడెవడో అడుగుతాడు. "అంటే చదవకపోయినా పాస్ చేసేస్తాడా అన్నా?" అందరూ నవ్వుతారు. సరిగ్గా ఇదే ప్రశ్న పౌలు వేసుకున్నాడు, రోమా పత్రిక 6వ అధ్యాయం మొదట్లో: కృప ఎక్కువ కావాలని పాపం చేస్తూ ఉందామా? కృప గురించి సూటిగా చెప్పినప్పుడు ఈ ప్రశ్న రావాలి. రాలేదంటే చెప్పడంలోనే ఎక్కడో క్రియల్ని కలిపేశామన్నమాట. జవాబు కూడా అక్కడే ఉంది. కృప అందుకున్నవాడు పాత యజమాని దగ్గర్నుంచి బయటికొచ్చాడు, మళ్ళీ అక్కడికే పోయి ఎలా ఉంటాడు? క్రియలు లేని విశ్వాసం చచ్చిన విశ్వాసమని యాకోబు రాసింది కూడా విశ్వాసానికి వెల కట్టడానికి కాదు, అది బతికుందో లేదో చూడడానికి.

రెండో ప్రశ్న వచ్చినప్పుడు ఎవరూ నవ్వరు. "మా అమ్మమ్మ ఎవరికీ అపకారం చెయ్యలేదన్నా. యేసు పేరు కూడా సరిగా తెలీదు. ఆమె నరకానికి పోయిందా?"

దీనికి గభాలున జవాబు చెప్పే సీనియర్‌ని ఆ కూటంలోంచి లేపెయ్యాలనిపిస్తుంది నాకు. ఇందులో సంఘాలే ఒక్క మాటమీద లేవు. తమ తప్పు లేకుండా క్రీస్తును ఎరగని వాళ్ళు, దేవుణ్ణి నిజాయితీగా వెతికితే, కృపవల్లే రక్షణ పొందవచ్చని రెండో వాటికన్ మహాసభ 1964లో చెప్పింది. సువార్తిక (ఇవాంజెలికల్) సంఘాల్లో ఎక్కువమంది అంతదూరం పోరు, క్రీస్తును ఎరిగి నమ్మాలంటారు. అందులోనూ ఫలానా మనిషి సంగతి దేవుడికే వదిలేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అని అబ్రాహాము అడిగిన మాటే వాళ్ళ ఆధారం. మా సంఘం ఇలా నమ్ముతుంది, మీ అమ్మమ్మ మీద తీర్పు చెప్పే కుర్చీ నాది కాదు అని ఆ కుర్రాడికి చెప్పడం దాటవేత అనిపించుకోదు. మంచితనం చాలదని ఇప్పటిదాకా చెప్పి, ఎవరు ఎక్కడికి పోయారో నాకు తెలుసనడం మాత్రం కృప మీద మనకేదో అధికారం ఉన్నట్టు మాట్లాడటమే.

మచిలీపట్నం, ఒంగోలు

విద్యార్థులకు సువార్త మన గడ్డమీద కొత్త సంగతి కాదు. ఇంగ్లీషు మిషనరీ రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్నం చేరి, 1843లో పైకులాల పిల్లల కోసం ఇంగ్లీషు బడి పెట్టాడు. పెద్దింటి పిల్లలు మారితే కింది దాకా ప్రభావం పాకుతుందన్నది అప్పటి లెక్క. 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు అట్టుడికింది, బడి ఖాళీ అయింది. మళ్ళీ నిండడానికి కాలం పట్టింది. ఆ ఇద్దరి ధైర్యాన్ని తక్కువ చెయ్యను. కానీ ఎవడూ గొప్పలు చెప్పుకోవడానికి లేదన్న సువార్తను, మాల మాదిగ పిల్లలకు చోటివ్వని తరగతి గదిలో చెప్పారన్నది అంతే నిజం.

ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు ఇదే పరీక్ష ఎదురైంది. ఆయన బడిలో బ్రాహ్మణ పిల్లలు చదువుతున్నారు. తాళ్ళకొండపాడు యెర్రగుంట్ల పేరయ్యతో మొదలై మాదిగలు సంఘంలోకి వస్తుంటే, వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లల్ని మాన్పిస్తామన్నారు ఊరి పెద్దలు. ఆ రాత్రి క్లౌ, ఆయన భార్య వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయమే కనిపించిందని ఆయన రాసుకున్నాడు. పిలవబడినవాళ్ళలో గొప్ప వంశాలవాళ్ళు ఎక్కువమంది లేరన్న చోటు. బ్రాహ్మణ పిల్లలు వెళ్ళిపోయారు.

తర్వాత 1876-78 కరువొచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని అడుగుతుంటే ఏడాదికి పైగా ఇవ్వలేదు. కూడు పెట్టే చేతితో బాప్తిస్మం ఇస్తే ఎవరు దేనికోసం వచ్చారో తెలియదని. పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ అంకె అందరికీ గుర్తుంది. దాని ముందు ఆపిన ఏడాదే నాకు పెద్దదనిపిస్తుంది. ఫీజు కడతామని, హాస్టల్ సీటు ఇస్తామని చెప్పి బైబిల్ స్టడీకి పిలిచే ట్రస్టుల వాళ్ళు ఆ ఏడాది గురించి చదవాలి.

అటు కేంబ్రిడ్జిలో గొడవ ఇంకో రకం. అక్కడి క్రైస్తవ విద్యార్థి సంఘం 1910లో స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్‌తో విడిపోయింది. 1919లో మళ్ళీ కలుపుదామని కూర్చున్నప్పుడు ఆ సంఘంవాళ్ళు ఒకే ప్రశ్న అడిగారు: మీ బోధలో క్రీస్తు రక్తమే కేంద్రమా? చోటుంది గాని కేంద్రం కాదన్నారు అవతలివాళ్ళు. మాటలు అక్కడే తెగిపోయాయి. ఆ పాయ నుంచే 1947లో అంతర్జాతీయ సువార్తిక విద్యార్థుల సమాఖ్య, ఇక్కడ 1954లో యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా (యూఈఎస్‌ఐ) వచ్చాయి. మన కాలేజీల్లో "ఈయూ" (ఇవాంజెలికల్ యూనియన్) అనేది దాని కొమ్మే. దాన్ని నడిపేది విద్యార్థులే, తోటివాడికి తోటివాడే చెబుతాడు. ఆ పద్ధతిలో నాకు నచ్చేదీ అదే. లెక్చరర్ పిలిస్తే రానన్నవాడికి ఇంటర్నల్ మార్కులు గుర్తొస్తాయి. పక్క మంచం కుర్రాడు పిలిస్తే "పో బే" అనొచ్చు.

చట్టం, సర్టిఫికెట్

రాజ్యాంగంలోని 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. దానిమీద 1948 డిసెంబర్ 6న రాజ్యాంగ సభలో టీటీ కృష్ణమాచారి మాట్లాడుతూ, తాను పద్నాలుగేళ్ళు క్రైస్తవ సంస్థల్లో చదివానని, ఎవరూ తనను మతం మార్చే ప్రయత్నం చేయలేదని చెప్పాడు. 1977లో స్టెయిన్‌స్లాస్ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది: తన మత సూత్రాలను వివరించి చెప్పే హక్కుంది, ఇంకొకర్ని మతం మార్చే హక్కు లేదు. 28వ అధికరణ విద్యాసంస్థల సంగతి చెబుతుంది. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచేచోట మతబోధ ఉండకూడదు. గుర్తింపు లేదా ఎయిడ్ ఉన్నచోట విద్యార్థి ఒప్పుకోకుండా, మైనరైతే తల్లిదండ్రులు ఒప్పుకోకుండా, మతబోధకో ప్రార్థనకో హాజరు కమ్మనకూడదు. ఇంటర్ పిల్లలు చాలావరకు మైనర్లే. దీన్ని క్రైస్తవుల మీద ఆంక్షగా చూసేవాళ్ళున్నారు. విశ్వాసం బలవంతాన రాదన్నది మన సొంత బోధే కదా, చట్టం అదే అంటే బాధ దేనికి?

పిల్లలకు దాదాపు ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 తర్వాత సిక్కులకు, 1990 తర్వాత బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవుడైన దళితుడు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీలోకి వస్తాడు, అక్కడ రిజర్వేషన్ ఒక్క శాతం. ఇది న్యాయమా అన్న వాదన కోర్టుల్లో ఏళ్ళుగా నడుస్తోంది. న్యాయం కాదనే నేనూ అనుకుంటాను. కానీ స్కాలర్‌షిప్ మీద చదువుతున్న కుర్రాణ్ణి బాప్తిస్మానికి సిద్ధం చేసేవాళ్ళు ఈ మాట ముందే చెప్పాలి. చెప్పకుండా నీళ్ళలోకి దింపి, తర్వాత "సర్టిఫికెట్ విషయం చూసుకుందాంలే, రికార్డుల్లో పేరు మార్చకు" అని గుసగుసలాడటం ఎన్నోచోట్ల మామూలైపోయింది. సువార్త కోసం పిల్లవాడికి మొదట నేర్పింది అబద్ధమా? కృపకు వెల లేదు. బాప్తిస్మానికి ఈ దేశంలో, ఒక కులంలో పుట్టినవాడికి వెల ఉంది. ఆ రెండూ ఒకేసారి కూర్చోబెట్టి చెప్పగలిగినవాడే చెప్పాలి.

తప్పినవాడి దగ్గర

ఇంటర్ ఫలితాల రోజున పిల్లలు ప్రాణాలు తీసుకునే రాష్ట్రాలు మనవి. ర్యాంకే మనిషి అని చెప్పిన చదువులో పెరిగినవాడికి, నీ విలువ నువ్వు సంపాదించుకున్నది కాదన్న మాట ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట చెప్పడానికి క్రైస్తవుల దగ్గర కావలసినంత సరుకుంది. దాన్ని ఆ వారంలోనే నిర్ణయం చెయ్యమనే తొందరకు వాడుకోవడం మాత్రం మంచిది కాదు. కుంగిపోయి ఉన్నవాడు ఏదైనా ఒప్పుకుంటాడు. పక్కన కూర్చోవాలి, ఇంట్లోవాళ్ళకు ఫోను చెయ్యాలి, అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, సప్లిమెంటరీ ఫీజు చివరి తేదీ చూడాలి. ప్రార్థన చెయ్యమంటే చెయ్యాలి. చర్చిలో మైకు తప్పినవాడి చేతికి కూడా ఇవ్వాలి, "సెమిస్టరు పోయింది, దేవుడు నన్ను వదల్లేదు" అని వాడు చెప్పగలిగితే.

ఇక పదిహేడేళ్ళ పిల్ల వచ్చి, అమ్మానాన్నలకు తెలీకుండా బాప్తిస్మం ఇమ్మని అడిగితే? నమ్మి బాప్తిస్మం పొందినవాడు రక్షింపబడునని మార్కు 16వ అధ్యాయంలో ఉంది కదా, ఆలస్యం చెయ్యొచ్చా అంటారు కొందరు. శిక్ష నమ్మనివాళ్ళకేనని ఆ వచనమే చెప్పింది, బాప్తిస్మం అందనివాళ్ళకు కాదు. సిలువ మీది దొంగకు ఏ నీళ్ళూ దొరకలేదు. కేథలిక్కులూ లూథరన్లూ బాప్తిస్మానికి బాప్టిస్టులకన్నా ఎక్కువ బరువిస్తారు, అయినా కోరుకుని అందుకోలేకపోయినవాళ్ళు నశించారని వాళ్ళూ అనరు. కాబట్టి ఆమెను ఆగమనొచ్చు. పద్దెనిమిది నిండనివ్వండి, ఇంట్లో తానే నోరు విప్పి చెప్పుకునే రోజు రానివ్వండి. ఈలోగా మార్కు సువార్త మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టమనండి, ఇంట్లో అందరికీ కనపడేలా టేబుల్ మీదే పెట్టుకుని.